రేణిగుంట నుంచి కొండకు: బస్సు ఆలస్యంగా వచ్చిన దారి

టికెట్ మీద తిరుపతి అని ఉంటుంది గానీ విమానం దిగేది రేణిగుంటలో. అక్కడి నుంచి తిరుపతి రైల్వే స్టేషన్ సుమారు 15 కిలోమీటర్లు. తిరుమల గుడి దాకా అయితే 40 కిలోమీటర్ల వరకూ ఉంటుంది. హైదరాబాద్ నుంచి గంటలో ఎగిరి వచ్చిన మనిషికి ఈ 40 కిలోమీటర్లకే గంటన్నర పడుతుంది. లగేజీ తీసుకుని బయటికి వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది బస్సు ఉందా అని అడగను కూడా అడగరు. ట్యాక్సీ మాట్లాడుకుని వెళ్లిపోతారు. విమానాశ్రయం వచ్చాక చాలా ఏళ్ల పాటు అక్కడ బస్సు మీద ఆధారపడే పరిస్థితి లేదు కాబట్టి జనానికి ఆ అలవాటు పడింది. బస్సు వచ్చాక కూడా అలవాటు పోలేదు. ఈ పరిస్థితి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే విమానాల కంటే ముందు రైళ్ల సంగతి చూడాలి.

మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయవ్యంగా వేసిన లైను 1862లో రేణిగుంట చేరింది. కడప మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆ లైను వేసిన వాళ్ల ధ్యాస మద్రాసును బొంబాయితో కలపడం మీదే. శేషాచలం పాదాల దగ్గరున్న చిన్న ఊరు తిరుపతి వాళ్ల దారిలో పడలేదు. ఉత్తరాది నుంచి, రాయలసీమ నుంచి వచ్చే యాత్రికుడు రేణిగుంటలో దిగి, మిగిలిన దూరం బండి కట్టుకునో నడిచో వెళ్లేవాడు. 19వ శతాబ్దం చివరికి సౌత్ ఇండియన్ రైల్వే మీటర్ గేజ్ లైను (పట్టాల మధ్య దూరం తక్కువుండే చిన్న లైను) తిరుపతికి చేరాక సగం కష్టం తగ్గింది. అయినా పెద్ద లైను బండ్లు ఆగేది రేణిగుంటలోనే, గేజ్ మారాల్సిందీ అక్కడే. పాత తరం వాళ్లకు తిరుపతి ప్రయాణం అంటే రేణిగుంట ప్లాట్‌ఫాం మీద మూటలు, బిందెలు దింపుకుని ఇంకో బండి కోసం కాచుకోవడమే.

తిరుపతి స్టేషన్‌ను గోవిందరాజస్వామి గుడికి కూతవేటు దూరంలో కట్టారు. దాంతో ఊరి రవాణా అంతా ఆ చుట్టుపక్కలే పెరిగింది. సత్రాలు, హోటళ్లు, జట్కాలు, ఆ తర్వాత బస్టాండు, ఆటోలు అన్నీ స్టేషన్‌ను ఆనుకునే వచ్చాయి. కొండకు వెళ్లే ప్రతి దారీ ఈ నడిబొడ్డు నుంచే మొదలవ్వాలన్నట్టు ఊరి తీరు కుదిరిపోయింది. ఈ సంగతి తర్వాత చాలా ముఖ్యమవుతుంది.

ఇక కొండ వైపు కథ వేరేగా నడిచింది. 1944కు ముందు తిరుమలకు బండి దారి లేదు. అలిపిరి మెట్లో శ్రీవారి మెట్టో ఎక్కాలి, లేదా డోలీలో కూర్చుని వెళ్లాలి. 15వ శతాబ్దంలో తాళ్లపాక నుంచి వచ్చిన అన్నమయ్య కూడా నడిచి ఎక్కినవాడే. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడ్డాక ఘాట్ రోడ్డు ఆలోచన ఊపందుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న ఆ రోడ్డును 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించారు. 36 మలుపులు తిరుగుతూ సుమారు 19 కిలోమీటర్లు సాగే ఆ దారినే ఇప్పుడు మనం దిగడానికి వాడుతున్నాం. ఎక్కడానికి వాడే రెండో ఘాట్ రోడ్డు 1974లో తెరిచారు. అంటే 30 ఏళ్ల పాటు ఎక్కే బండీ దిగే బండీ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చేవన్నమాట.

ఆ రోజుల్లో కొండ బస్సులు నడిపింది దేవస్థానమే. 1975లో ఆ బాధ్యత ఆర్టీసీకి వెళ్లింది. ఆ తర్వాత సప్తగిరి ఎక్స్‌ప్రెస్ బస్సులు బయల్దేరేది కూడా తిరుపతి నడిబొడ్డు నుంచే. ఆర్టీసీ లెక్క ఆర్టీసీకి ఉంది. జనం రైలు దిగుతారు, ఎదురుగా కొండ బస్సు ఎక్కుతారు. జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చిన వాళ్లు సెంట్రల్ బస్టాండులో దిగి అక్కడే ఇంకో బస్సు పట్టుకుంటారు. పగలూ రాత్రీ తేడా లేకుండా వచ్చే ఆ రద్దీకి ఈ ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేసింది. తిరుపతి కొండ బస్సుల పద్ధతి మన రాష్ట్రంలో ప్రజారవాణా సాధించిన గొప్ప విజయాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. రిజర్వేషన్ అక్కర్లేదు, బస్సు నిండితే బయల్దేరుతుంది, వెనకే ఇంకోటి నిలబడి ఉంటుంది. కోటీశ్వరుడి పక్కన కూలీ కూర్చుని గోవింద నామం చెప్పుకుంటూ వెళ్తాడు.

ఈ రెండు సగాలూ బాగానే ఉన్నాయి. తిరుపతి ఊరి దాకా రైలు, ఊరి నుంచి కొండకు బస్సు. విమానాశ్రయం వచ్చి పడింది మాత్రం రెండింటికీ చెందని చోట. మొదట్లో విమానాలు తక్కువ, వచ్చేవాళ్లూ తక్కువ. విమానంలో వచ్చేవాడికి కారు ఉండదా అన్న ఆలోచన అధికారుల్లోనూ జనంలోనూ ఉండేది. దూరం నుంచి వచ్చే భక్తుల్లో చాలామంది మద్రాసు దాకా విమానంలో వచ్చి, అక్కడి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్ రైల్లోనో బస్సులోనో తిరుపతికి వచ్చేవారు. రేణిగుంటలో రోజుకు రెండు మూడు విమానాలు దిగితే, వాటి కోసం బస్సు పెట్టి ఖాళీగా తిప్పడం ఎందుకని డిపో మేనేజర్ అనుకుంటే తప్పు పట్టలేం.

ఆ లెక్క 2015 తర్వాత మారింది. ఆ ఏడాది అక్టోబర్ 22న, అమరావతి శంకుస్థాపన చేసిన రోజునే, ప్రధాని నరేంద్ర మోదీ రేణిగుంటలో గరుడుడి ఆకారంలో కట్టిన కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల నుంచి విమానాలు పెరిగాయి. టికెట్ ధరలు అప్పుడప్పుడూ రైలు ఏసీ టికెట్‌కు దగ్గరగా వస్తుండటంతో రైళ్లలో వచ్చే కుటుంబాలే విమానం ఎక్కడం మొదలుపెట్టాయి. అమ్మానాన్నలను ఒక్కసారైనా విమానంలో కొండకు తీసుకురావాలని డబ్బు కూడబెట్టుకున్న పిల్లలు ఉన్నారు. అలాంటి కుటుంబానికి విమానం దిగాక ట్యాక్సీ ఖర్చు చిన్న విషయం కాదు. మళ్లీ తిరుగు ప్రయాణానికి ఇంకో ట్యాక్సీ. విమానంలో వచ్చారు కదా అని వాళ్లను డబ్బున్నవాళ్ల లెక్కలో వేయడం అన్యాయం.

పైగా ఈ దారి యాత్రికులది మాత్రమే కాదు. 2015లోనే తిరుపతికి ఐఐటీ, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ వచ్చాయి, ఆ తర్వాత వాటి క్యాంపస్‌లు ఏర్పేడు వైపు వెలిశాయి. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు వచ్చాయి. సెలవులకు ఊరెళ్లే విద్యార్థులు, ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లు, ఎయిర్‌పోర్టులోనే పని చేసే హౌస్‌కీపింగ్ సిబ్బంది, సెక్యూరిటీ గార్డులు, కౌంటర్లలో కూర్చునే అమ్మాయిలు అందరూ ఇదే దారిలో పోవాలి. రాత్రి చివరి విమానం వెళ్లాక డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే అమ్మాయికి బస్సు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. బస్సు గురించి మాట్లాడేటప్పుడు వీళ్ల ఊసే ఎవరూ ఎత్తరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

విమానాశ్రయం నుంచి నేరుగా కొండ మీదికి బస్సు నడపడంలో ఉన్న అసలు చిక్కు ఘాట్ రోడ్డు. మైదానంలో తిరిగే ఏ బస్సునైనా తీసుకొచ్చి ఎక్కించలేం. ఆ మలుపుల్లో తిరగగలిగే పొడవు ఉండాలి, బ్రేకులు నమ్మకంగా ఉండాలి, ఘాట్ మీద చెయ్యి తిరిగిన డ్రైవర్ కావాలి. అలిపిరి టోల్‌గేట్ దగ్గర అందరూ దిగి, లగేజీ స్కానింగ్ చేయించుకుని మళ్లీ ఎక్కాలి. అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు ఘాట్ మూసేస్తారు. వేగం మీదా కట్టడి ఉంది. ప్రైవేటు వాహనాలు ఎక్కడానికి 28 నిమిషాల కంటే, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ తీసుకుంటే జరిమానా కట్టాలి. శంషాబాద్ విమానాశ్రయం నుంచి హైదరాబాద్‌లోకి పుష్పక్ బస్సులు నడిపినంత తేలిక కాదిది. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు, ఫ్లైఓవర్లు ఉన్నాయి. ఇక్కడ ఏడు కొండలు ఉన్నాయి.

2022లో వచ్చిన ఎలక్ట్రిక్ బస్సులు ఈ చిక్కును చాలా వరకు విప్పాయి. ఎలక్ట్రిక్ వాహనాలకు రాయితీ ఇచ్చిన కేంద్రం ఫేమ్-2 పథకం కింద తిరుపతికి 100 బస్సులు వచ్చాయి. సెప్టెంబర్ 27న, బ్రహ్మోత్సవాల మొదటి రోజున, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి అలిపిరి దగ్గర వాటికి జెండా ఊపారు. వాటి పంపకం ఇలా అనుకున్నారు: తిరుపతి–తిరుమల ఘాట్‌కు 50, రేణిగుంట విమానాశ్రయం–తిరుమల మధ్య 14, కడప, నెల్లూరు, మదనపల్లె రూట్లకు తలా 12. విమానాశ్రయాన్ని కొండతో కలపడానికి విడిగా ఇన్ని బస్సులు కేటాయించడం పెద్ద మలుపు. ఇవి 9 మీటర్ల బస్సులు, ఘాట్ మలుపులకు సరిపోతాయి. ఇంజిన్ రొద ఉండదు, డీజిల్ పొగ కొండ మీద కమ్ముకోదు. కిందికి దిగేటప్పుడు బ్రేక్ వేస్తే ఆ శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి పోతుంది కాబట్టి ఈ దారికి కరెంటు బస్సు మరీ బాగా కుదురుతుంది.

కానీ లెక్క ఒకసారి చూడండి. రేణిగుంట నుంచి తిరుమలకు వెళ్లి రావాలంటే 80 కిలోమీటర్ల పైమాటే. అలిపిరి చెకింగ్, ఘాట్ వేగం, పైన ఎక్కించుకునే సమయం, మధ్యలో చార్జింగ్ కలుపుకుంటే ఒక్కో ట్రిప్పుకు మూడు గంటలకు తక్కువ పట్టదు. విమానాలేమో గంటకొకటి అని వరుసగా రావు. ఒక్కోసారి వెంటవెంటనే రెండు దిగుతాయి, ఆ తర్వాత చాలాసేపు ఏదీ ఉండదు. ఈ బస్సుల్ని నడిపేది ప్రైవేటు కంపెనీ, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. సీట్లు నిండినా నిండకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. అలాంటప్పుడు ఎప్పుడూ జనం ఉండే బస్టాండ్–తిరుమల రూటు మీదికే ఏ డిపో మనసైనా మొగ్గుతుంది. రైలు దిగిన చోటే కొండ బస్సు మొదలవ్వాలన్న పాత అలవాటు ఇక్కడ మళ్లీ పనిచేస్తుంది.

రోడ్డు కూడా మెరుగుపడింది. 2023 సెప్టెంబర్ 18న శ్రీనివాస సేతు పూర్తిగా తెరుచుకుంది. మొదట గరుడ వారధి అన్న పేరుతో పని మొదలైన ఈ ఫ్లైఓవర్ తిరుచానూరు రోడ్డు వైపు నుంచి కపిలతీర్థం దాకా సుమారు 7 కిలోమీటర్లు ఊరి మీదుగా పోతుంది. ఖర్చులో ఎక్కువ భాగం టీటీడీది, మిగతాది స్మార్ట్ సిటీ నిధులది. రేణిగుంట వైపు నుంచి వచ్చే బండి రామానుజ సర్కిల్, లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా నేరుగా అలిపిరి వైపు తేలవచ్చు. అంటే విమానాశ్రయం బస్సు ఊరి నడిబొడ్డులోకి దిగాల్సిన పని ఇప్పుడు లేదు. ఊళ్లోకి వెళ్లాల్సిన వాళ్లకు, గోవిందరాజస్వామి గుడికో రైల్వే స్టేషన్‌కో పోవాల్సిన వాళ్లకు వేరే బస్సు ఉండాలి. ఈ రెండు అవసరాలనూ ఒకే బస్సుతో తీర్చాలని చూస్తే కొండకు వెళ్లేవాడికి ఆలస్యం, ఊళ్లోకి వెళ్లేవాడికి చుట్టు తిరుగుడు.

ఈ రోజు దిగేవాళ్ల కోసం చెప్పాలంటే, కొండకు నేరుగా వెళ్లే ఎలక్ట్రిక్ బస్సు ఎప్పుడుందో టెర్మినల్ బయట ముందుగా కనుక్కోండి. అది అందకపోతే రేణిగుంట ఊళ్లోకి ఆటోలో వెళ్లి, శ్రీకాళహస్తి వైపు నుంచి తిరుపతికి వచ్చే ఆర్టీసీ బస్సు ఎక్కవచ్చు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్ర మహిళలకు టికెట్ ఖర్చు కూడా లేదు, గుర్తింపు కార్డు దగ్గరుంటే చాలు. తిరుపతిలో దిగాక సెంట్రల్ బస్టాండులోనూ రైల్వే స్టేషన్ ఎదురుగానూ కొండ బస్సులు దొరుకుతాయి. నడిచి ఎక్కాలనుకున్నవాళ్లకు అలిపిరికి, శ్రీవారి మెట్టుకు టీటీడీ ఉచిత బస్సులు ఉన్నాయి. అలిపిరి నుంచి మెట్లు 3550. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ ఆలోచన మానుకోండి.

దర్శనం విషయంలో టీటీడీ ఎప్పుడో విమానాశ్రయం దాకా వచ్చింది. 10,000 రూపాయల విరాళంతో వచ్చే శ్రీవాణి దర్శనం టికెట్ల కోసం రేణిగుంట విమానాశ్రయంలోనే కౌంటర్ పెట్టింది. అంత చొరవ బస్సు విషయంలోనూ రావాలి. దానికి కొత్త ఫ్లైఓవర్లు, కోట్ల రూపాయలు అక్కర్లేదు. విమానాల టైం టేబుల్ మారినప్పుడల్లా విమానాశ్రయ అధికారులు, ఆర్టీసీ తిరుపతి రీజియన్, టీటీడీ రవాణా విభాగం ఒకచోట కూర్చుని బస్సు వేళలు మార్చుకోవాలి. విమానం లేటైతే బస్సు అరగంట ఆగాలి. లగేజీ బెల్టు దగ్గరే తెలుగులో, తమిళంలో, హిందీలో తర్వాతి బస్సు ఎప్పుడో పెద్ద అక్షరాలతో కనబడాలి. రాత్రి చివరి విమానం తర్వాత ఊళ్లోకి ఒక బస్సు తప్పకుండా ఉండాలి. అందులో యాత్రికులు ఇద్దరే ఎక్కినా, డ్యూటీ దిగిన సిబ్బందితో మిగతా సీట్లు నిండుతాయి.