బొటనవేలంత బొమ్మలు, కోట్ల పౌండ్లు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ప్లాస్టిక్ బొమ్మలు అమ్ముకునే ఒక కంపెనీ ఇంగ్లండులో పెద్ద పెద్ద బ్యాంకుల సరసన ఎలా చేరిందని అడిగారు. 2024 డిసెంబరులో గేమ్స్ వర్క్‌షాప్ ఎఫ్‌టీఎస్‌ఈ 100లోకి, అంటే లండన్ స్టాక్ మార్కెట్లో అన్నిటికన్నా విలువైన వంద కంపెనీల జాబితాలోకి చేరినప్పుడు, చాలామంది పెద్దవాళ్ళు కూడా ఇదే అడిగారు. నాకు తెలిసినంత వరకు చెబుతాను. కాస్త లెక్కలు ఉంటాయి, ఓపిక పట్టండి.

ముందు వీళ్ళు అమ్మే సరుకేమిటో చూద్దాం. పెట్టె తెరిస్తే బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేములు ఉంటాయి. వాటికి అంటుకుని సైనికుల కాళ్ళు, చేతులు, కత్తులు, తలలు విడివిడిగా ఉంటాయి. కొన్నవాళ్ళే వాటిని కత్తిరించి, జిగురుతో అతికించి, సన్నటి బ్రష్షుతో రంగులు వేసుకోవాలి. అలా ఒక సైన్యం తయారయ్యాక దాన్ని టేబుల్ మీద నిలబెట్టి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ ఎదుటివాళ్ళ సైన్యంతో యుద్ధం చేస్తారు. ఆ ఆట పేరు వార్‌హామర్.

కంపెనీ మాత్రం ఈ ఆటతో పుట్టలేదు. 1975లో లండన్‌లో జాన్ పీక్, ఇయాన్ లివింగ్‌స్టన్, స్టీవ్ జాక్సన్ అనే ముగ్గురు స్నేహితులు చెక్కతో ఆట బోర్డులు చేసి అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత అమెరికా నుంచి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను తెప్పించి అమ్మారు. 1978లో హామర్‌స్మిత్‌లో మొదటి షాపు తెరిచారు. 1979లో బ్రయాన్ ఆన్సెల్‌తో కలిసి సిటడెల్ మినియేచర్స్ పెట్టి లోహపు బొమ్మలు పోత పోయించారు. అసలు మలుపు ఇదే. అప్పటిదాకా ఇంకొకరి ఆటలు అమ్మిన కంపెనీ చేతికి సొంత సరుకు వచ్చింది. ఆ బొమ్మలు ఎక్కువగా అమ్ముడుపోవాలంటే వాటితో ఆడుకోవడానికి ఒక ఆట కావాలి కదా! అలా 1983లో వార్‌హామర్, 1987లో సుదూర భవిష్యత్తులో నడిచే వార్‌హామర్ 40,000 వచ్చాయి. ఆట కోసం బొమ్మలు చేయడం లోకం తీరు. వీళ్ళు బొమ్మల కోసం ఆట చేశారు.

ఇక డబ్బు ఎక్కడ పుడుతుందో చూద్దాం. ప్లాస్టిక్ బొమ్మకు ఉక్కు అచ్చు కావాలి. కరిగిన ప్లాస్టిక్‌ను గట్టి ఒత్తిడితో అందులోకి పంపితే, ముఖం మీద ముడతతో సహా బొమ్మ బయటికి వస్తుంది. ఆ అచ్చు చెక్కడానికి, దానికన్నా ముందు బొమ్మను డిజైన్ చేయడానికి బోలెడు ఖర్చు, నెలల తరబడి పని. అచ్చు ఒకసారి తయారయ్యాక మాత్రం ఒక్కో ఫ్రేముకు పట్టే ప్లాస్టిక్ ఖరీదు ఎంతో ఉండదు. సినిమా తీయడానికి కోట్లవుతాయి, ఇంకో థియేటర్లో ఆడించడానికి పెద్దగా అవదు. ఇదీ అలాంటిదే. మొదటి పెట్టె మీద నష్టం, వెయ్యో పెట్టె దగ్గర ఊరట, ఆ పైన అమ్మేదంతా దాదాపు లాభం. మంచి అచ్చు ఏళ్ళ తరబడి పనికొస్తుంది కూడా.

అచ్చులు ఇంకెవరైనా చేయించుకోలేరా అంటారేమో. చేయించుకోగలరు, కొందరు చేస్తున్నారు కూడా. కాకపోతే బొమ్మ వెనక ఉన్న లోకం వాళ్ళది కాదు. నలభై ఏళ్ళుగా నవలలు, రూల్ పుస్తకాలు, 1977లో మొదలై ఇప్పటికీ వస్తున్న వైట్ డ్వార్ఫ్ పత్రిక, ఇవన్నీ కలిసి ఆ లోకాన్ని కట్టాయి. నీలం కవచం తొడుక్కున్న ఒక స్పేస్ మెరీన్ (వార్‌హామర్ 40,000లోని సైనికుడు) ఏ దళం వాడో, వాళ్ళకు ఎవరంటే పడదో అభిమానులు ఆపకుండా చెబుతారు. ఆ కథ హక్కులు కంపెనీవి. డిజైన్, ఫ్యాక్టరీ అన్నీ నాటింగ్‌హామ్‌లోనే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా 500కు పైగా సొంత షాపులున్నాయి. చాలా షాపుల్లో ఒక్కరే ఉద్యోగి. కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఒక బొమ్మకు రంగు వేయించడం, ఒక ఆట ఆడించడం ఆ ఉద్యోగి పని. చిత్రమేమిటంటే, అమ్మకాల్లో సగానికి పైగా బయటి దుకాణదారుల ద్వారానే జరుగుతాయి. సొంత షాపుల అసలు ఉపయోగం కొత్త ఆటగాళ్ళను తయారు చేయడం అని నా అభిప్రాయం.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది మాత్రం వేరే ఉంది. ఈ సరుకులో సగం పని కొన్నవాళ్ళే చేస్తారు. డబ్బు పెట్టి కొని, వారాంతాలన్నీ కూర్చుని రంగులు వేస్తారు. మామూలుగా వస్తువును వాడేకొద్దీ దాని మీద మోజు తగ్గుతుంది. ఇక్కడ ఎన్ని గంటలు పెడితే అంత ముద్దొస్తుంది. వందగంటలు పెట్టి తయారు చేసుకున్న సైన్యాన్ని వదిలేసి ఇంకో కంపెనీ ఆటకు వెళ్ళబుద్ధి ఎవరికేస్తుంది? ఇది అభిమానమే, కాదనను. వ్యాపారి కన్నుతో చూస్తే కట్టిపడేయడం కూడా. రెండూ నిజమే.

ఇంత పకడ్బందీగా ఉన్నా కంపెనీ బోర్లా పడబోయిన రోజులు ఉన్నాయి. 1991లో టామ్ కిర్బీ, మరికొందరు మేనేజర్లు కలిసి కంపెనీని కొనేశారు. 1994లో షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 2001 నుంచి లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాల బొమ్మలు చేసే లైసెన్సు దొరికి అమ్మకాలు ఎగిసిపడ్డాయి. సినిమాలు అయిపోయాక ఆ జనమూ వెళ్ళిపోయారు, లాభాలు కుంగిపోయాయి. ఆ తర్వాత ఖర్చులు కోసుకుంటూ చాలా ఏళ్ళు గడిచాయి. ఆ రోజుల్లో కంపెనీ తీరు కాస్త బిరుసు. మేం మార్కెట్ సర్వేలు చేయం, జనానికి ఏం కావాలో అడగం అని 2014 వార్షిక నివేదికలో కిర్బీ రాసుకున్నారు. మంచి బొమ్మ చేస్తే చాలు, జనం వస్తారని ఆయన నమ్మకం. అందులో నిజం లేకపోలేదు. కానీ ధరలు పెరిగి, అభిమానులతో మాట్లాడేవాళ్ళు లేక, కోపం పేరుకుపోయింది.

2015లో కెవిన్ రౌంట్రీ సీఈఓ అయ్యారు. అదే ఏడు కంపెనీ పాత వార్‌హామర్ లోకాన్ని మొత్తంగా అంతం చేసి ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే కొత్త ఆట పెట్టింది. అభిమానులు భగ్గుమన్నారు, ఒకతను తన సైన్యాన్ని తగలబెట్టి వీడియో కూడా తీశాడు. కంపెనీ సర్దుకుంది. అభిమానులతో ఆన్‌లైన్‌లో మాట్లాడడం మొదలుపెట్టింది, కొత్తవాళ్ళు భయపడకుండా కొనగల స్టార్టర్ పెట్టెలు తెచ్చింది, 2017లో వార్‌హామర్ 40,000 ఆట రూల్సును బాగా తేలిక చేసింది. చంపేసిన పాత లోకాన్ని కూడా 2024లో వేరే ఆటగా తిరిగి తీసుకొచ్చింది.

ఫలితం అంకెల్లో చూడండి. 2016 మేతో ముగిసిన ఏడాదిలో ఆదాయం సుమారు 11.8 కోట్ల పౌండ్లు. 2025 జూన్ 1తో ముగిసిన ఏడాదిలో 61.7 కోట్లు. అందులో పన్నుకు ముందు లాభం 26 కోట్లకు పైనే. వంద పౌండ్లు చేతికొస్తే నలభైకి పైగా మిగిలినట్టు. తయారీ కంపెనీల్లో ఇది చాలా అరుదు. ఆ ఏడాది సిబ్బందికి 2 కోట్ల పౌండ్లు బోనస్ ఇచ్చారు, పై నుంచి కింది దాకా అందరికీ సమానంగా. అవసరానికి మించిన నగదును దాచుకోరు, వాటాదారులకు డివిడెండుగా, అంటే లాభంలో వాటాగా పంచేస్తారు. అప్పు చేసి ఇంకో కంపెనీని మింగే అలవాటు లేదు. ఈ గుణం నాకు నచ్చుతుంది.

వీడియో గేమ్‌ల సంగతి అడిగారు కదా. 2024 సెప్టెంబరులో వచ్చిన స్పేస్ మెరీన్ 2 గేమ్ బాగా ఆడింది, దాంతో లైసెన్సు ఆదాయం ఆ ఏడాది 5 కోట్లు దాటింది. తమ లోకాన్ని వాడుకోనిచ్చినందుకు వచ్చే డబ్బు ఇది, ఫ్యాక్టరీ ఖర్చు లేదు. వార్‌హామర్ కథలతో సినిమాలు, సిరీస్‌లు తీయడానికి అమెజాన్‌తో కూడా ఒప్పందం కుదిరింది, నటుడు హెన్రీ కావిల్ అందులో ఉన్నారు. కానీ లార్డ్ ఆఫ్ ది రింగ్స్ దెబ్బ తిన్న కంపెనీ కాబట్టి కాబోలు, ఇలాంటి ఆదాయం ఏటా ఇంతే వస్తుందని అనుకోవద్దని ముందే వాటాదారులకు చెబుతూ ఉంటుంది.

అంతా బాగుందని నేననను. ధరలు ఎక్కువ, పాకెట్ మనీతో ఒక సైన్యం కట్టడం కష్టం. ఇంట్లోనే 3డీ ప్రింటర్‌తో బొమ్మలు తీసుకునేవాళ్ళు పెరుగుతున్నారు. బొమ్మలన్నీ నాటింగ్‌హామ్‌లో తయారై, అన్నిటికన్నా పెద్ద మార్కెట్ ఉత్తర అమెరికా కావడంతో 2025లో అమెరికా పెంచిన సుంకాల దెబ్బ కూడా నేరుగా తగిలింది. ఫ్యాక్టరీ ఒకేచోట ఉండడం నాణ్యతకు మంచిదే, ఇలాంటప్పుడే ఇబ్బంది.

కంపెనీ వార్షిక నివేదిక అందరికీ ఉచితంగా దొరుకుతుంది. మిగతా కంపెనీల నివేదికలంత బరువు భాష ఉండదు. ముందు నగదు రాకపోకల పేజీ చూడండి, తర్వాత రౌంట్రీ రాసింది చదవండి. అచ్చుల మీద ఏటా ఎంత పెడుతున్నారో వెతికి, అర్థం కానివి నాకు రాయండి.

ఇట్లు,
మీ పెదనాన్న