గోరంతను కొండంత చేసే లెక్క

జనవరిలో ఒక రాత్రి విజయవాడ పటమటలో మా డాబా మీద రెండు గంటలు మంచులో కూర్చుని ఓరియన్ నెబ్యులాని, అంటే నక్షత్రాల మధ్య ఉన్న వాయువు, ధూళి మేఘాన్ని, ఫోటోలు తీశాను. ఒక్కోటి 30 సెకన్లు, మొత్తం 120 ఫ్రేములు. వాటన్నిటినీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి, అంటే స్టాక్ చేసి, ఫైలు తెరిచాను. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఏముందిరా ఇందులో, అంతా నల్లగా ఉంది. ఈ నాలుగు చుక్కలు డాబా మీంచి ఊరికే చూసినా కనపడతాయి కదా" అంది.

ఆమె చూసినది సరిగ్గానే చూసింది. కానీ నెబ్యులా ఆ నలుపులోనే ఉంది. దాన్ని బయటికి తెచ్చే పనినే స్ట్రెచింగ్, అంటే సాగదీయడం, అంటారు.

కెమెరా సెన్సర్‌కి లెక్కపెట్టడం ఒక్కటే తెలుసు. రెట్టింపు వెలుగు పడితే రెట్టింపు అంకె రాస్తుంది. మన కన్ను అలా కాదు. చీకటి గదిలో అగ్గిపుల్ల గీస్తే గదంతా మారిపోయినట్టు ఉంటుంది. అదే పుల్ల మిట్టమధ్యాహ్నం బందరు రోడ్డు మీద గీస్తే వెలిగిందో లేదో కూడా తెలియదు. సెన్సర్‌కి మాత్రం రెండు చోట్లా పెరిగిన వెలుగు సమానమే. ఫోన్‌తో తీసిన ఫోటో బాగా కనిపిస్తోందంటే, మనకి చూపించే ముందే ఫోన్ ఆ అంకెల్ని కంటికి తగ్గట్టు మార్చేసిందన్నమాట. స్టాక్ చేసిన ఫైల్లో ఆ మార్పు ఇంకా జరగలేదు.

కాసిని అంకెలు చూద్దాం. పూర్తి తెలుపుని 1 అనుకుంటే, ఖాళీ ఆకాశం విలువ 0.010, నెబ్యులా ఉన్నచోట 0.012, మంచి నక్షత్రం 0.9 అనుకోండి. మామూలు బొమ్మ ఫైల్లో 0 నుంచి 255 దాకా 256 మెట్లు ఉంటాయి. వీటిని ఉన్నదున్నట్టు అందులో పెడితే ఆకాశం 3వ మెట్టు మీద, నెబ్యులా కూడా 3వ మెట్టు మీదే కూర్చుంటాయి. నక్షత్రం ఎక్కడో 230లో ఉంటుంది. మధ్యలో రెండొందల మెట్లు ఖాళీ. ఏ మెట్టు మీద ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే హిస్టోగ్రామ్ తీస్తే ఎడమ గోడకి ఆనించిన కర్రలా ఒక్క సన్నటి గీత కనిపించేది ఇందుకే.

స్ట్రెచింగ్ అంటే ఆ గీతని సాగదీసి ఖాళీ మెట్ల మీద పరచడం. గోరంతను కొండంత చేయాలి, కొండని మాత్రం కదపకూడదు. అందుకే అన్నిటినీ ఒకే అంకెతో హెచ్చవేస్తే కుదరదు. నెబ్యులా కనిపించేలోపే నక్షత్రాలన్నీ తెల్లటి పేలపు గింజల్లా అయిపోతాయి. చీకటి వైపు నిటారుగా లేచి, వెలుగు వైపు వెళ్ళేకొద్దీ వాలిపోయే వంపు కావాలి. ఆర్క్‌సైన్‌హెచ్ అనే ఫంక్షన్ సరిగ్గా అలాంటిది. దాన్ని కాస్త గట్టిగా వాడితే పై అంకెల్లో ఆకాశం 85వ మెట్టుకి, నెబ్యులా 92వ మెట్టుకి చేరతాయి. నక్షత్రం 251 దగ్గర ఆగుతుంది. ఒకే మెట్టు మీద ఉన్నవి రెండూ ఏడు మెట్ల దూరం జరిగాయి.

కొత్తలో నేను చేసిన పొరపాటు ఇక్కడే. ఎలా వచ్చిందో చూడాలన్న ఆత్రంలో స్టాక్ అవగానే సాగదీసేవాణ్ణి. వీధి దీపాల వెలుగుకి ఆకాశం పులిహోర రంగులోకి వచ్చేది. దీపాలతో వెలిగిపోయే బెంజ్ సర్కిల్ కూడలి మాకు పడమటి వైపు. ఓరియన్ అటు వాలేకొద్దీ ఆ పక్క ఇంకా తెల్లబడేది. ఆ తర్వాత స్లైడర్లతో ఆ రంగుని పిండేద్దామని కుస్తీ పట్టేవాణ్ణి. నెబ్యులా చుట్టూ నల్లటి గుంట మిగిలేది, రంగు మాత్రం పోయేది కాదు.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) తూచినప్పుడు గోనె బరువు తీసేసి ఆ తర్వాత ధర కడతారు. వీధి దీపాల వెలుగు ఆ గోనె లాంటిది. అది నెబ్యులా వెలుగుకి కలిసి వచ్చి పడుతుంది. కూడికతో వచ్చింది కాబట్టి తీసివేతతో పోతుంది, అయితే అంకెలు సాగకముందు మాత్రమే. పై లెక్కలో ముందుగా 0.009 తీసేస్తే ఆకాశం 0.001, నెబ్యులా 0.003 అవుతాయి. అదే వంపుతో సాగదీయండి: 18, 44. మధ్యలో 26 మెట్లు! అదే సాగదీశాక 85, 92ల నుంచి 67 తీసేస్తే 18, 25 వస్తాయి, తేడా ఆ ఏడు మెట్లే. అదే ఫైలు, అదే వంపు. వరస మార్చామంతే.

సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ అని ఉంటుంది. ఖాళీ ఆకాశం మీద చుక్కలు పెట్టి, వాటిని బట్టి వీధి వెలుగు ఎటు ఎంత ఉందో అంచనా కట్టి తీసేస్తుంది. ఆ చుక్క ఒకటి నెబ్యులా మసక అంచు మీద పడిందా, నెబ్యులానే గోనె అనుకుంటుంది. స్లైడర్లతో నాకు మిగిలిన నల్లటి గుంటదీ ఇదే కథ: గోనెతో పాటు నెబ్యులా అంచు కూడా పోయింది. ఇక లెన్స్ వల్ల మూలలు చీకటిగా రావడం వేరే జబ్బు. అది హెచ్చవేత వల్ల వచ్చేది, స్టాక్ చేసేటప్పుడే ఫ్లాట్ ఫ్రేములతో (సమానంగా వెలిగే తెల్లటి తెరని తీసిన ఫోటోలతో) భాగించి సరిచేయాలి.

గోనె తీసేశాం కదా, మరి ఊళ్ళోంచి తీసినా అడవిలోంచి తీసినా ఒకటేనా? కాదు. వీధి వెలుగు సగటుని తీసేయగలం, దాని తడబాటుని తీసేయలేం. ఒక ఫ్రేములో ఒక పిక్సెల్ మీద ఆకాశం నుంచి 2,500 ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, పడితే, ఆ అంకె ఫ్రేముకీ ఫ్రేముకీ సుమారు 50 అటూ ఇటూ ఊగుతుంది. నెబ్యులా మసక అంచు ఇచ్చేదే 50 అయితే అది ఆ ఊగుడులో మునిగిపోతుంది. 120 ఫ్రేములు కలిపితే నెబ్యులా మొత్తం 6,000 అవుతుంది, ఊగుడు మాత్రం దాదాపు 550కే ఆగుతుంది. స్టాకింగ్ బలమంతా ఈ వర్గమూలంలోనే ఉంది. సాగదీసే వంపుకి ఏది నెబ్యులా, ఏది నాయిస్ (ఆ ఊగుడు) అన్నది తెలియదు, రెండిటినీ కొండంత చేస్తుంది. స్ట్రెచ్ చేశాక బొమ్మ ఉప్మా రవ్వ చల్లినట్టు గరుకుగా వస్తే నేనైతే సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోను, మళ్ళీ డాబా ఎక్కుతాను.

రంగుల సంగతి. స్టాక్‌ని కాస్త వెలుగు పెంచి చూస్తే బొమ్మ ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. కొడక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన సెన్సర్ అమరికలో ఒక ఎరుపు పిక్సెల్‌కి, ఒక నీలానికి, రెండు ఆకుపచ్చలు ఉంటాయి. ఆ రెట్టింపు వల్లే పచ్చదనం అని చాలామంది అంటారు. అది సరికాదు, ఎన్ని పిక్సెళ్ళున్నా ప్రతిదీ తన మీద పడినదే చెబుతుంది. అసలు సంగతి, పిక్సెల్ మీదున్న రంగు ఫిల్టరూ, కింది సిలికానూ కలిసి ఆకుపచ్చని బాగా పట్టుకుంటాయి. కాబట్టి ఎరుపు, నీలాలని తగిన అంకెతో హెచ్చించాలి. ఎంతతో? నక్షత్రాలనే అడగాలి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2013లో పంపిన గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల రంగులు పట్టికలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మన ఫోటోలోని చుక్కల్ని గుర్తుపట్టి ఆ పట్టికతో సరిచూస్తుంది. ఇది కూడా సాగదీయకముందే జరగాలి.

ఇంత చేసినా ఓరియన్‌లోని ఆరుద్ర నక్షత్రం తెల్లగా వచ్చేది. కంటికి స్పష్టంగా ఎర్రగా కనిపించే చుక్క! ఎరుపు 0.6, ఆకుపచ్చ 0.3 అనుకుంటే ఒకటి రెండోదానికి రెట్టింపు. మూడు రంగుల్నీ విడివిడిగా సాగదీస్తే అవి 0.93, 0.83 అవుతాయి. రెట్టింపు కాస్తా ఒకటింబావు కంటే తక్కువకి పడిపోయింది. రంగంటే ఆ నిష్పత్తే కదా. 2004లో రాబర్ట్ లప్టన్, ఆయన సహచరులు ఆకాశాన్ని పెద్ద ఎత్తున చిత్రించిన స్లోన్ డిజిటల్ స్కై సర్వే చిత్రాలతో దీనికి దారి చూపించారు. మూడు రంగుల ఉమ్మడి వెలుగుని ఆర్క్‌సైన్‌హెచ్‌తో సాగదీసి, అది ఎన్ని రెట్లు పెరిగిందో అన్నే రెట్లు మూడిటినీ పెంచడం. నిష్పత్తి చెదరదు. ఆ పద్ధతి వాడిన రోజు నా ఆరుద్ర మొదటిసారి నారింజ రంగులో వచ్చింది.

నెబ్యులా నడిబొడ్డున ఉన్న ట్రపీజియం నక్షత్రాలు మాత్రం ఏ వంపుకీ లొంగలేదు. 30 సెకన్లలో అక్కడి పిక్సెళ్ళు నిండిపోయాయి. నిండిన బిందెలో ఎంత పొర్లిందో తర్వాత ఏ లెక్కా చెప్పలేదు. ఇంకో రాత్రి 3 సెకన్ల ఫ్రేములు తీసి ఆ చోట అతికించాను.

చివరి బొమ్మ చూసి అమ్మ, "ఈ ఎరుపు నిజంగా అక్కడుందా, నువ్వు వేశావా?" అంది. ఉంది. హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఇచ్చే వెలుగు అది. ఆ మసకలో మన కంటికి రంగు తెలియదంతే. సుమారు 1,350 ఏళ్ళ కిందట, వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతుండగా బయల్దేరిన వెలుగు. రెండు రకాలుగా సాగదీసి చూపించాను. ఒకదాంట్లో ప్రతి పొగపాయా విడివిడిగా తెలుస్తోంది. ఇంకోదాంట్లో సగం చీకట్లోనే ఉంది. అమ్మ రెండోది చూపించి, "ఇది రాత్రిలా ఉంది" అంది. అదే ప్రింట్ తీయించాను. కుడివైపు మూలన బెంజ్ సర్కిల్ ఇంకా కొంచెం మిగిలే ఉంది.