కనిపించని జబ్బుకు శాతం కట్టేదెలా? పింఛను అర్హత వెనుక నూరేళ్ల కథ

విజయవాడ, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో (జీజీహెచ్) వైకల్య శాతం తేల్చే సదరం పరీక్షలకు వచ్చేవారిలో కొందరి వైకల్యం చూడగానే తెలుస్తుంది, మరికొందరిది ఎంత చూసినా తెలియదు. మధుమేహం ముదిరి మోకాలి దాకా కాలు తీసేసిన వ్యక్తికి ధ్రువపత్రం దొరకడం పెద్ద కష్టం కాదు. అదే మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారి, కళ్లు తిరిగి, నెలలో సగం రోజులు కూలికి వెళ్లలేని వ్యక్తికి మాత్రం సాధారణంగా ఒట్టి చేతులే మిగులుతాయి. దీనికి డాక్టర్లను తప్పుపట్టి లాభం లేదు. వారి చేతికిచ్చిన కొలమానమే అలాంటిది.

ఆ కొలమానం పోలికలు 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలోనే కనిపిస్తాయి. పనిలో ప్రమాదం జరిగి ఏ అవయవం పోతే సంపాదించే శక్తిలో ఎన్ని శాతాలు పోయినట్టో ఆ చట్టం ఒక పట్టిక వేసింది. ఇప్పటి పట్టిక ప్రకారం చేతి బొటనవేలు పోతే 30 శాతం. మిల్లులో, జిన్నింగ్ ఫ్యాక్టరీలో జరిగే ప్రమాదాలకు ఈ లెక్క చక్కగా సరిపోయింది, ఎందుకంటే తెగిన వేలు రేపటికి పెరగదు, ఎల్లుండికి ఇంకాస్త తెగదు. దీర్ఘకాలిక వ్యాధి అలా ఒకచోట నిలిచి ఉండదు. అయినా 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టం చేసినప్పుడు శాతాల పద్ధతినే అనుసరించి, ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, 40 శాతానికి తగ్గని వారినే వికలాంగులుగా లెక్కించాలంది. ఆ ఏడింటిలో అంధత్వం, చూపు మందగించడం, వినికిడి లోపం, అవయవ వైకల్యం, నయమైన కుష్ఠు, బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత ఉన్నాయి. రక్తానికి, లోపలి అవయవాలకు వచ్చే జబ్బుల ప్రస్తావన అందులో లేదు.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికకు భారతదేశం మరుసటి ఏడాదే కట్టుబడింది గానీ, దానికి తగ్గట్టు చట్టాన్ని మార్చడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2016 డిసెంబరులో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఏడును ఇరవై ఒకటి చేసింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్త వ్యాధులు, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధులు మొదటిసారి జాబితాకెక్కాయి. దీర్ఘకాలిక వ్యాధి కూడా వైకల్యం కాగలదని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ ఒప్పుకోలు సగంలోనే ఆగింది. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చే 34వ సెక్షన్‌లో రక్త సంబంధ వ్యాధులకు పేరుపెట్టి చోటివ్వలేదు. మూత్రపిండాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులైతే ఇరవై ఒకటిలోనే లేవు. కీళ్లవాతం ఉన్నవారికి ప్రధానంగా కీలు ఎంత వంగుతుందన్న కొలతే దిక్కు. నొప్పికి అందులో దక్కే విలువ తక్కువే.

డబ్బు సంగతికి వస్తే, కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ వికలాంగుల పింఛను కనీసం 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే వర్తిస్తుంది, దాని విలువ నెలకు 300 రూపాయలు. ఆ మొత్తం గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. అసలు భారం రాష్ట్రానిదే. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సదరం విధానం, శాతాన్ని కంప్యూటర్‌లోకెక్కించి దొంగ ధ్రువపత్రాలను కొంతవరకు అరికట్టింది గానీ, శాతానికి లొంగని జబ్బులను ఏం చేయాలో చెప్పలేదు.

దానికి దారి చూపింది కిడ్నీ రోగులే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలిసిందే. విజయవాడకు దగ్గరలో, తిరువూరు వైపు ఎ.కొండూరు మండలం తండాల్లోనూ అదే బాధ ఉంది. డయాలసిస్ రోగులకు మొదట 2,500 రూపాయలతో మొదలైన పింఛను 2019లో 10 వేలైంది. ఆ వెంటనే తలసేమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియాకు 10 వేలు. పక్షవాతంతో మంచం పట్టినవారికి, తీవ్ర కండరాల క్షీణతకు, రెండు కాళ్లకూ ముదిరిన బోదకాలుకు, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి 5 వేలు చొప్పున కొత్త వర్గాలు వచ్చాయి. గుంటూరు జీజీహెచ్‌లో గుండె మార్పిడి 2016లోనే జరిగిందని గుర్తుచేసుకుంటే, వైద్యం పింఛను కన్నా ఎంత ముందు నడిచిందో అర్థమవుతుంది. 2024 జూలై 1న గుంటూరు జిల్లా పెనుమాకలో ముఖ్యమంత్రి పంపిణీ చేసిన కొత్త రేట్ల ప్రకారం వికలాంగుల పింఛను 6 వేలకు, మంచానికే పరిమితమైనవారిది 15 వేలకు, మార్పిడి రోగులది 10 వేలకు పెరిగింది.

ఈ రెండో దారి మేలే చేసింది, కాదనలేము. కాకపోతే ఇది వ్యాధి పేరును బట్టి తెరుచుకునే దారి. పేరు జాబితాలో ఉన్నా గీత ఎక్కడ గీశారన్నది మరో చిక్కు. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగికి పింఛను రావాలంటే రక్తంలో పేరుకున్న వ్యర్థాన్ని చూపే సీరం క్రియాటినిన్ 5 దాటాలి, లేదా కిడ్నీల వడపోత రేటు 15 కన్నా తగ్గాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయి ఉండాలి. వైద్యుల లెక్కలో 15 కన్నా తక్కువంటే ఐదో దశ, అంటే చివరిది. నాలుగో దశలో ఉన్న తండా కూలీ పొలం పని మానేసి చాలాకాలమే అయి ఉండవచ్చు. సాయం అందితే మందులు, మంచి తిండి సమకూర్చుకుని డయాలసిస్‌ను వాయిదా వేసుకోగల దశ అది. సరిగ్గా అక్కడే సాయం లేదు.

2025 జనవరిలో మొదలైన పింఛన్ల పునఃపరిశీలన ఈ చిక్కును మళ్లీ పైకి తెచ్చింది. అనర్హులను ఏరివేయాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఆగస్టులో 40 శాతం లోపు తేలినవారికి నోటీసులు వెళ్లి ఆందోళనలు రేగాక, అప్పీలు చేసుకోవచ్చని, పునఃపరీక్షకు రావచ్చని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఒక్కపూట పరీక్షతో తేలని జబ్బులు వీటిలో ఉన్నాయి. పార్కిన్సన్స్ రోగి మాత్ర పనిచేస్తున్నంతసేపు నడుస్తాడు, దాని ప్రభావం తగ్గగానే బిగుసుకుపోతాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్ నెలల తరబడి అణిగి ఉండి ఒక్కసారిగా తిరగబెడుతుంది. అలాంటివారికి సదరం పరీక్షకు స్లాట్ ఏ రోజు దొరికిందన్నదాన్ని బట్టి కాక, ఏడాది పొడవునా ఆసుపత్రిలో నమోదైన చికిత్సను బట్టి శాతం కట్టే ఏర్పాటు ఉండాలి.