టూర్ ద ఫ్రాన్స్‌లో జట్ల పేర్లు ఎందుకు నిలవవు?

ఏటా జులైలో ఫ్రాన్స్‌లో సాగే టూర్ ద ఫ్రాన్స్ లాంటి సైకిల్ రేసులు కొత్తగా చూసేవాళ్లను ముందు తికమక పెట్టేది జట్ల పేర్లే. నిరుడు ఒక పేరుతో తొక్కినవాళ్లు ఈ ఏడు ఇంకో పేరుతో కనిపిస్తారు. స్పెయిన్‌లో రేనాల్డ్స్‌గా మొదలైన జట్టు బానెస్తో అయింది, తర్వాత మరికొన్ని పేర్లు మార్చి ఇప్పుడు మోవీస్టార్‌గా ఉంది. గెలుపుల్లో ముందున్న హెచ్‌టీసీ-హైరోడ్‌కు ఆ అదృష్టమూ లేదు. స్పాన్సర్ దొరక్క 2011లో మూతపడింది.

రోడ్డు పక్కన నిలబడి చూసేవాడి దగ్గర టికెట్ వసూలు చేయలేం. టీవీ హక్కుల డబ్బు నిర్వాహకులది. జట్టుకు మిగిలేది జెర్సీ మీద పేరు రాయించుకునే కంపెనీ ఒక్కటే. ఈ లెక్క నిన్నామొన్నటిది కాదు.

1900లో 'లోటో' అనే క్రీడా పత్రిక పుట్టిందే సైకిళ్లు, కార్లు తయారుచేసేవాళ్ల పెట్టుబడితో. ఒక సైనికాధికారిపై మోపిన దేశద్రోహ నేరం చుట్టూ ఫ్రాన్స్ రెండుగా చీలిన డ్రేఫస్ కేసు గొడవల్లో, అప్పటికే ఉన్న 'ల వేలో' అనే క్రీడా పత్రికతో వాళ్లకు చెడింది. కొత్త పత్రిక అమ్మకాలు పెంచడానికి 1903లో 6 స్టేజీలు (దశలు), 2,428 కిలోమీటర్ల రేసు పెట్టారు. అదే టూర్ ద ఫ్రాన్స్. పత్రిక సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. తయారీదారుల సొమ్ముతో నిలబడిన ఈ మనిషే తర్వాత ఏళ్ల తరబడి తయారీదారులతో పోరాడాడు!

ఆయన కోరుకున్నది ఎవరి సాయమూ లేకుండా గెలిచే ఒంటరి వీరుణ్ణి. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ అనే రేసర్ పిరనీస్ కొండల్లోని టూర్మాలే కనుమ దిగుతుండగా అతని సైకిల్ ముందు ఫోర్కు విరిగింది. సైకిల్‌ను మోసుకుంటూ పది కిలోమీటర్లకు పైగా నడిచి, ఒక ఊరి కొలిమిలో తన చేతులతోనే అతికించుకున్నాడు. కొలిమితిత్తి ఊదింది ఓ కుర్రాడు కాబట్టి అది 'పరాయి సాయం' అంటూ అతని సమయానికి అదనపు నిమిషాలు కలిపారు. ఇంత పట్టుదల చూపిన దెగ్రాంజ్ కంపెనీ జట్ల ఎత్తుగడలను మాత్రం ఆపలేకపోయాడు. 1929లో జబ్బుపడ్డ రేసర్ మోరిస్ ద వాలేను ఆల్సియోన్ అనే సైకిల్ కంపెనీ జట్టు కాపుకాసి గెలిపించింది. శవాన్ని గెలిపించారని ఆయన మండిపడ్డాడంటారు.

మరుసటి ఏడే టూర్‌లో కంపెనీ జట్లు పోయి దేశాల జట్లు వచ్చాయి. అందరికీ బ్రాండు పేరు లేని పసుపు సైకిళ్లు. మరి తిండీ బసా ఖర్చు ఎవరు పెట్టాలి? రేసుకు ముందు సాగే ప్రచార వాహనాల ఊరేగింపు అలా పుట్టింది. పేర్లను జెర్సీ మీద నుంచి తీసి లారీల మీద అంటించారన్నమాట.

యుద్ధం తర్వాత మోపెడ్లు, కార్లు పెరిగి సైకిళ్ల అమ్మకాలు పడిపోయాయి. జట్లను పోషించే స్తోమత తయారీదారులకు తగ్గింది. 1954లో ఇటలీ రేసర్ ఫియొరెంజో మాన్యీ నీవియా క్రీమును స్పాన్సర్‌గా తెచ్చుకున్నాడు. సైకిల్‌కూ క్రీముకూ ఏం సంబంధమని పెద్ద రగడ జరిగింది. ఏడాదంతా జీతమిచ్చే కంపెనీకి, అందరూ చూసే టూర్ జరిగే జులైలో మాత్రం తన పేరు కనిపించకపోవడం మింగుడుపడలేదు. 1962లో కంపెనీ జట్లు తిరిగొచ్చాయి. 1967, 68లలో మళ్లీ దేశాల జట్లను ప్రయత్నించి, 1969లో ఆ ఆలోచన వదిలేశారు.

జెర్సీ కంపెనీలకు దక్కింది కానీ రేసు పత్రికవాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. 'లోటో' వారసురాలైన 'లెకిప్'కు యజమాని అయిన అమోరీ గ్రూపుదే నేటికీ టూర్. టీవీ రాబడిలో వాటా కావాలని జట్లు అడుగుతూనే ఉన్నాయి.

2023లో జంబో-విస్మా జట్టు టూర్‌తో పాటు ఇటలీ, స్పెయిన్ పెద్ద రేసులనూ ఒకే ఏడాది గెలిచింది. ఆ ఏడాది చివర్లో జంబో తప్పుకుంది. 2024లో అదే జట్టు విస్మా-లీజ్ ఎ బైక్ పేరుతో రోడ్డెక్కింది.