ఫోకస్ చూసే కన్ను వేరు, ఫొటో తీసే కన్ను వేరు

జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు తొందరపెడుతుంటాడు, బంధువులు చుట్టూ మూగుతారు, ఫొటోగ్రాఫర్‌కి దొరికేది కొన్ని సెకన్లే. తర్వాత కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే పెళ్లికూతురి కళ్లు మసకగా ఉంటాయి, వెనకున్న పూలజడలో మాత్రం ఒక్కో మల్లెమొగ్గా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటుంది. "లెన్స్ పోయింది" అని ఒకరంటారు, "బాడీ సర్వీస్‌కి ఇవ్వాలి" అని ఇంకొకరంటారు. చాలాసార్లు రెండూ నిజం కాదు. తప్పు ఎక్కడుందో కెమెరాతోనే చెప్పించవచ్చు. అందుకు డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉన్న కెమెరా, ఫోకస్‌ని ఎలా కొలుస్తుందో ముందు తెలియాలి.

ఈ కెమెరాలో వెలుగుకు రెండు దారులున్నాయి. లెన్స్ గుండా వచ్చిన వెలుగు మొదట ఏటవాలుగా ఉన్న పెద్ద అద్దం మీద పడుతుంది. చాలాభాగం పైకి మళ్లి వ్యూఫైండర్‌లోకి, అంటే మన కంటికి చేరుతుంది. ఆ అద్దం కొంత పారదర్శకంగా ఉంటుంది కాబట్టి మిగతా వెలుగు దాన్ని దాటి, వెనకున్న చిన్న అద్దానికి తగిలి కిందికి దిగుతుంది. అక్కడ, అద్దాల గది అడుగున, ఆటోఫోకస్ మాడ్యూల్ ఉంటుంది. బటన్ పూర్తిగా నొక్కగానే రెండు అద్దాలూ పైకి లేస్తాయి, వెలుగు నేరుగా వెనకున్న పెద్ద సెన్సర్‌కి పోతుంది. ఫోకస్ కొలిచే భాగం ఫొటో తీయదు. ఫొటో తీసే భాగానికి ఆ కొలతతో సంబంధం లేదు. లెన్స్ నుంచి ఇద్దరికీ ఉన్న దూరం సరిగ్గా సమానమనే నమ్మకం మీదే మొత్తం ఏర్పాటు నడుస్తుంది.

ఆ నమ్మకం ఎంత సున్నితమైనదో ఒక లెక్క చూపిస్తుంది. 50 మి.మీ. లెన్స్‌తో మీటరున్నర దూరంలో ఉన్న మనిషిని తీస్తున్నామనుకుందాం. కెమెరా లోపల ఆ రెండు దారుల మధ్య 0.05 మి.మీ. తేడా వస్తే చాలు, అవతల మనిషి దగ్గర ఫోకస్ 4 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. అదే లెన్స్‌ని ఎఫ్/1.8 దగ్గర, అంటే అపర్చర్ (వెలుగు దూరే రంధ్రం) బాగా తెరిచి వాడితే, ఏపీఎస్-సీ అనే చిన్నరకం సెన్సర్ ఉన్న బాడీలో స్పష్టంగా పడే మందం మొత్తం సుమారు 6 సెంటీమీటర్లు, కంటికి ముందు 3, వెనక 3. వెంట్రుక మందం కన్నా తక్కువ తేడాతో కన్ను మసకబారి జడ స్పష్టం కావడానికి కారణం ఇదే.

అడుగునున్న మాడ్యూల్ దూరాన్ని ఎలా పసిగడుతుంది? చేయి చాపి బొటనవేలు పైకెత్తి, ఒకసారి ఎడమకన్ను, ఒకసారి కుడికన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతినట్టు కనిపిస్తుంది. మాడ్యూల్ కూడా లెన్స్ ఒక అంచు నుంచి వచ్చిన వెలుగును, ఎదురు అంచు నుంచి వచ్చిన వెలుగును వేరుచేసి రెండు చిన్న సెన్సర్ గీతల మీద పడేలా చేస్తుంది. ఫోకస్ కుదిరినప్పుడు ఆ రెండు బొమ్మల మధ్య ఉండాల్సిన ఎడం దానికి ముందే తెలుసు. ఎడం తగ్గితే ఒకవైపు తప్పు, పెరిగితే రెండోవైపు తప్పు. ఎటు తిప్పాలి, ఎంత తిప్పాలి అన్నది ఒక్క చూపులోనే తేలిపోతుంది. దీన్నే ఫేజ్ డిటెక్షన్ అంటారు. 1985లో వచ్చిన మినోల్టా 7000 ఈ పద్ధతిని బాడీలోనే అమర్చి జనంలోకి తెచ్చింది. ఆ వెనకే అమెరికా కంపెనీ హనీవెల్ తన పేటెంట్ల మీద కోర్టుకెళ్లింది. 1992లో మినోల్టా 12.75 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. ఫోకస్ అనే చిన్న విషయం వెనక అంత విలువైన ఆలోచన ఉంది.

ఈ పద్ధతికి కావలసింది రెండు బొమ్మల్నీ పోల్చడానికి ఏదో ఒక గుర్తు. అంచు, గీత, చార, ఏదైనా సరే. మధుపర్కాల తెల్లటి బట్ట మధ్యలో ఫోకస్ పాయింట్ (వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న చదరం) పెడితే రెండు గీతల మీదా తెలుపే ఉంటుంది, పోల్చడానికి ఏమీ ఉండదు. లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూ వెతుక్కుంటుంది. ఫొటోగ్రాఫర్లు "హంటింగ్ అవుతోంది" అనేది దీన్నే. అదే బట్ట ఎర్రంచు మీద పాయింట్ పెట్టండి, వెంటనే పట్టుకుంటుంది. హోమం పొగ, నల్లటి జుట్టు, మబ్బుల్లేని ఆకాశం, అన్నింటిదీ ఇదే కథ. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సాధారణ పాయింట్లు ఒక దిశలో ఉన్న గీతల్నే చూడగలవు. అడ్డగీతలు మాత్రమే ఉన్న చీర మీద ఫోకస్ కుదరకపోతే కెమెరాని కొంచెం వాల్చి చూడండి. రెండు దిశల్నీ చూసే పాయింట్లను క్రాస్ టైప్ అంటారు. తక్కువ ధర బాడీల్లో చాలావాటికి మధ్య పాయింట్ ఒక్కటే అలాంటిది. చీకట్లో మధ్య పాయింట్‌నే నమ్మమని పాతవాళ్లు చెప్పేది ఊరికే కాదు.

చీకటికీ ఒక హద్దుంది. కెమెరా స్పెసిఫికేషన్లలో ఫోకస్ పనిచేసే వెలుగును ఈవీల్లో (ఎక్స్‌పోజర్ వాల్యూ, వెలుగును కొలిచే అంకె) ఇస్తారు. కొత్తగా నేర్చుకునేవారి బాడీల్లో అది 0 లేదా -1 ఉంటుంది. 2014లో వచ్చిన నికాన్ డీ750కి -3. ఒక్కో అంకె తగ్గితే వెలుగు సగమవుతుంది కాబట్టి -1 హద్దున్న బాడీకి కావలసిన వెలుగులో నాలుగోవంతుతో డీ750 పని కానిస్తుంది. రాత్రి ముహూర్తాలు తీసేవాళ్లు మెగాపిక్సెళ్ల కన్నా ముందు ఈ అంకె చూడాలని నా గట్టి అభిప్రాయం. అన్నట్టు, ఎఫ్/8 పెట్టినందువల్ల ఫోకస్‌కి వెలుగు తగ్గదు. ఫోకస్ కొలిచేటప్పుడు లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, ఫొటో తీసే క్షణంలోనే ముడుచుకుంటుంది. లెన్స్‌కీ బాడీకీ మధ్య బిగించి దూరపు దృశ్యాన్ని పెద్దది చేసే టెలికన్వర్టర్ సంగతి వేరు. ఎఫ్/5.6 లెన్స్‌కి 1.4 రెట్ల కన్వర్టర్ బిగిస్తే అది నిజంగానే ఎఫ్/8 లెన్స్ అయిపోతుంది. చాలా బాడీల్లో ఫోకస్ అక్కడితో ఆగిపోతుంది.

అసలు కదలికే లేకపోతే, అంటే షట్టర్ బటన్ సగం నొక్కినా లెన్స్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, ముందు లెన్స్ పక్కనున్న ఏఎఫ్/ఎంఎఫ్ (ఆటో/చేతి ఫోకస్) స్విచ్ చూడండి. తర్వాత లెన్స్ తీసి, వెనకున్న బంగారుపూత కాంటాక్టులను పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే స్విచ్) ఉంటే అది ఎక్కడుందో చూడండి. మరీ దగ్గరికి వెళ్లి ఉంటే రెండడుగులు వెనక్కి రండి. నికాన్ వాడేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. డీ3000, డీ5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. 50 మి.మీ. ఎఫ్/1.8డీ లాంటి పాత లెన్సులు బాడీ మోటార్ మీదే ఆధారపడతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఆ లెన్స్ కొన్న విద్యార్థి అది పాడైందనుకుని బాధపడుతుంటాడు. అది పాడవలేదు. చేత్తో తిప్పుతూ పోతే వ్యూఫైండర్ మూలన పచ్చటి చుక్క వెలిగి ఫోకస్ కుదిరిందని చెబుతుంది, ఎందుకంటే కొలిచే మాడ్యూల్ మామూలుగానే పనిచేస్తోంది. వ్యూఫైండర్‌లో అంతా మసకగా కనిపిస్తూ ఫొటోలు మాత్రం బాగుంటే, ఐపీస్ పక్కనున్న చిన్న చక్రాన్ని మీ కంటికి సరిపోయేలా తిప్పుకుంటే చాలు.

ఇప్పుడు అసలైన చిక్కు: కెమెరా ఫోకస్ కుదిరిందని బీప్ కొట్టింది, ఫొటో మాత్రం మసకగా వచ్చింది. ముందు ఆ ఫొటోనే జాగ్రత్తగా చదవాలి. ఫ్రేమ్‌లో ఎక్కడో ఒకచోట, ముందో వెనకో, స్పష్టమైన భాగం ఉంటే అది ఫోకస్ తప్పు. చిన్న దీపాలన్నీ ఒకే దిశలో గీతల్లా సాగి ఉంటే చేయి వణికింది. మండపం స్తంభాలు స్పష్టంగా ఉండి చేతులు మాత్రమే చెదిరితే మనిషి కదిలాడు, షట్టర్ స్పీడ్ చాలలేదు. ఈ మూడింటినీ కలిపేసి "ఫోకస్ అవుట్" అనడం వల్లే సగం లెన్సులు అనవసరంగా రిపేర్ షాపులకెళ్తున్నాయి.

ఫోకస్ తప్పే అని తేలినా కెమెరా నిర్దోషి కావచ్చు. మధ్య పాయింట్‌తో కన్ను మీద ఫోకస్ లాక్ చేసి, తర్వాత కెమెరా తిప్పి ఫ్రేమ్ కట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. మీటరున్నర దూరంలో 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటికి 5 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. పైన చెప్పిన 3 సెంటీమీటర్ల వెసులుబాటు దాటిపోయింది, పూలజడ స్పష్టమైంది! ఇలాంటప్పుడు కంటికి దగ్గరున్న పాయింట్‌నే ఎంచుకోవాలి. వధూవరులు నడిచి వస్తుంటే ఒక్కసారి ఫోకస్ చేసి ఆగిపోయే వన్ షాట్ మోడ్‌లో అరసెకను ఆగినా వాళ్లు ఒక అడుగు ముందుకొచ్చేస్తారు. అక్కడ వాడాల్సింది కదిలేవాళ్లని వెంటాడుతూ ఫోకస్ చేసే మోడ్: కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్‌లో అయితే ఏఎఫ్-సీ. తలంబ్రాల దగ్గర మళ్లీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎడతెగకుండా వెతికే మోడ్‌లో ఉంటే ఎగిరే బియ్యపుగింజల్ని పట్టుకుని ముఖాల్ని వదిలేస్తుంది. అప్పుడు ఒక్కసారి ఫోకస్ చేసి ఆపేయడం, ఎఫ్/4కి దిగడం మేలు. ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కి మార్చుకుంటే ఈ రెండు అవసరాలూ బొటనవేలితోనే తీరతాయి. పెళ్లిళ్లు తీసే ప్రతి కొత్త కుర్రాడికీ నేను మొదట చెప్పేది ఇదే.

ఇవేవీ కాదనుకున్నప్పుడే పరీక్ష పెట్టండి. దినపత్రిక పేజీని గోడకి తిన్నగా అతికించి, కెమెరాని ట్రైపాడ్ మీద దానికి సూటిగా ఎదురుగా పెట్టండి. దూరం లెన్స్ ఫోకల్ లెంగ్త్‌కి సుమారు 50 రెట్లు, అంటే 50 మి.మీ. లెన్స్‌కి రెండున్నర మీటర్లు. పగటి వెలుగు, పూర్తిగా తెరిచిన అపర్చర్, 2 సెకన్ల టైమర్. చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయాలి. వ్యూఫైండర్‌తో పది ఫొటోలు తీయండి, ఒక్కోదానికీ ముందు ఫోకస్ చెడగొట్టి మళ్లీ పట్టించండి. తర్వాత లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, పది. లైవ్ వ్యూలో అద్దం పైకి లేచి ఉంటుంది కాబట్టి ఫొటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూసుకుంటుంది, రెండోదారి గొడవే లేదు. నిదానంగా పనిచేసినా అబద్ధం చెప్పదు. వాలుగా పెట్టిన స్కేలుతో పరీక్షించే పద్ధతి నాకు నచ్చదు. వ్యూఫైండర్‌లో కనిపించే చిన్న చదరం కన్నా అసలు ఫోకస్ గీత పొడవుగా ఉంటుంది, అది ఏ అంకెను పట్టుకుందో మనకు తెలియదు.

ఇప్పుడు రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి పూర్తి సైజులో చూడండి. లైవ్ వ్యూ ఫొటోలు కూడా మసకగానే ఉంటే ఫోకస్ వ్యవస్థను వదిలేయండి, లెన్స్‌ని అనుమానించండి. లోపల బూజు పట్టిందేమో టార్చ్ వేసి చూడాలి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపుగాలి ఊళ్లలో వానాకాలం బ్యాగ్‌లోనే వదిలేసిన లెన్సులకి ఇది మామూలే. చౌకరకం ఫిల్టర్ ఉంటే తీసేసి మళ్లీ తీయండి. అది మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్లలో పాతకాలపు లీనియర్ రకం అయితే ఆ సగం పారదర్శక అద్దంతో దానికి సరిపడదు, సర్క్యులర్ రకం కావాలి.

లైవ్ వ్యూ ఫొటోలు బాగుండి, వ్యూఫైండర్ ఫొటోలన్నీ ఒకే తీరుగా మసకగా ఉంటే దారుల పొడవు తేడానే. దీన్ని సరిచేయవచ్చు. 2007 నుంచి నికాన్ డీ300, కెనాన్ 1డీ మార్క్ 3 లాంటి బాడీల్లో లెన్స్‌వారీగా -20 నుంచి +20 వరకు సవరించుకునే మెనూ వచ్చింది. మైనస్ వేస్తే ఫోకస్ కెమెరా వైపు జరుగుతుంది, ప్లస్ వేస్తే దూరం జరుగుతుంది. ఆ మెనూ లేని చిన్న బాడీలకు సర్వీస్ సెంటరే గతి.

వ్యూఫైండర్ వరసలో కొన్ని అద్దంలా స్పష్టంగా, కొన్ని ముందుకి, కొన్ని వెనక్కి చెదిరి ఉంటే మాత్రం ఆ మెనూ ముట్టుకోవద్దు. ఎటు సవరించినా కొన్ని బాగుపడతాయి, బాగున్నవి చెడిపోతాయి. ఈ తేడా గమనించక రోజూ అంకెలు మార్చుతూ టెన్షన్ పడేవాళ్లున్నారు. ఆ చెదురు వెనక లెన్స్ మోటార్ అరుగుదలో, మాడ్యూల్ మీద దుమ్మో, చిన్న అద్దం తన చోట సరిగా కూర్చోకపోవడమో ఉండొచ్చు. ఆఖరిది ఊహ కాదు. ఆ కెనాన్ 1డీ మార్క్ 3లోనే ఫోకస్ నిలకడగా లేదని ఫొటోగ్రాఫర్లు గోలపెడితే, చిన్న అద్దం అమరికను ఉచితంగా సరిచేస్తామని కంపెనీయే ప్రకటించింది.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో రెండోదారి లేదు కాబట్టి ఈ రకం తేడా దాదాపు మాయమైంది. ఆ మార్పు వల్లే మంచి డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి దొరుకుతున్నాయి, నేర్చుకునేవాళ్లకి ఇది మంచి కాలం. కొనేముందు ఆ దినపత్రిక పరీక్షని షాపులోనే ఐదు నిమిషాల్లో చేయమని అడగండి. ఇప్పటికే కొని సర్వీస్‌కి ఇవ్వాల్సి వస్తే బాడీనీ లెన్స్‌నీ కలిపి ఇవ్వండి, రెండు వరసల ఫొటోలనూ ఎడిట్ చేయకుండా మెమరీ కార్డులో పెట్టి జతచేయండి.