వేడెక్కితే ఆగిపోయే బ్రష్ కట్టర్: పిలకాయలకు తాత రాసిన ఉత్తరం

పిలకాయలూ,

అందరూ బాగుండారా. ఈడ నేనూ మీ అవ్వా బాగానే ఉండాం. పోయిన ఆదివారం ఫోన్లో పెద్దోడు అడిగినాడు, తాతా ఆ గడ్డి కోసే మిషన్ ఆగిపోతే కొత్తది కొనేస్తే సరిపోయేది కదా, దాన్ని ముందరేసుకోని రెండు రోజులు ఏం చేస్తివి అని. తోటలో సిగ్నల్ సరిగ్గా లేక నేను చెప్పింది సగం కూడా వినపడలేదు. అందుకే నిదానంగా కూర్చోని టైపు చేస్తా ఉండా, పాకాలలో ఉండేవాళ్ళూ తిరుపతి హాస్టల్లో ఉండేవాళ్ళూ అందరూ చదవండి, బుజ్జమ్మ కూడా చదవాలి, మిషన్ పని మగపిలకాయలకే అని ఎవురన్నా అంటే నమ్మొద్దు.

సంగతేందంటే బెంగళూరా మామిడికాయంతా కోసి ఫ్యాక్టరీకి తోలేసినాక నాలుగు వానలు పడినాయి, ఇంక చూస్కోండి, చెట్ల కింద గరిక, తుంగ, వయ్యారిభామ నడుము ఎత్తుకి లేచిపొయ్యింది. బ్రష్ కట్టర్ తీస్తే పొద్దున రెండు సార్లు తాడు లాగంగానే స్టార్ట్ అయ్యేది, పదిహేను ఇరవై నిమిషాలు కత్తి మాదిరి కోసేది, ఆ తర్వాత టప్‌మని ఆగిపొయ్యేది. ఆగడం అంటే గసపెట్టి గసపెట్టి ఆగడం కాదు, ఎవురో స్విచ్ నొక్కినట్టు ఒక్కసారిగా. మళ్ళీ ఎన్నిసార్లు తాడు లాగినా పలకదు. అన్నం తిని ఒక గంట తర్వాత వస్తే మళ్ళీ మామూలే, లాగంగానే లేస్తుంది.

టవున్లో ఒక అంగడికి తీసకపొయ్యినా. బండిమీద ఆడికి పోయేసరికి మిషన్ చల్లబడింది కదా, వాళ్ళ ముందర బాగానే తిరిగింది. కార్బొరేటర్ పొయ్యిందన్నారు, మార్చినారు, డబ్బు తీసుకున్నారు. ఇంటికొచ్చి తోటలోకి దిగితే మళ్ళీ ఇరవై నిమిషాలకే టప్. రెండోసారి పోతే ఇంజన్ అయిపొయ్యింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. నాకు కడుపు మండింది పిలకాయలూ. బాగుండే మిషన్ని చూడకుండానే చచ్చిపొయ్యిందని చెప్తే ఎట్ట. చిత్తూరులో మోటారు వైండింగ్ షాపులో 22 ఏండ్లు పనిచేసినోణ్ణి, వేడెక్కితే ఆగి చల్లబడితే లేచేది ఏందో నాకు తెలియకపోతే ఇంకెవురికి తెలుస్తుంది అనుకోని మిషన్ తెచ్చి వేపచెట్టు కింద పెట్టుకున్నా.

ముందు దాని లోపల ఏం జరుగుతుందో చెప్తా, అది అర్థమైతే మిగతాదంతా సులువు. మీ తాత సైకిల్‌కి డైనమో ఉండేది గుర్తుందా, చక్రం తిరిగితే లైటు వెలిగేది. అయస్కాంతం రాగి తీగ చుట్ట దగ్గర కదిలితే తీగలో కరెంటు పుడుతుంది, 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టింది ఇదే, మీ ఫిజిక్స్ పుస్తకంలో ఉంటుంది, మార్కుల కోసం చదివి వదిలేసుంటారు. బ్రష్ కట్టర్లో బ్యాటరీ లేదు. తాడు లాగితే ఫ్లైవీల్, అంటే ఇంజన్‌తో పాటు తిరిగే బరువు చక్రం, తిరుగుతుంది, దాని అంచులో అయస్కాంతం ఉంటుంది, అది కాయిల్ ముందర నుంచి దూసుకుపోతుంది. ఆ కాయిల్లో రెండు చుట్టలు, ఒకటి లావు తీగతో తక్కువ చుట్లు, ఇంకొకటి వెంట్రుక కంటే సన్నం తీగతో వేల చుట్లు. మొదటి చుట్టలో కరెంటు బాగా పెరిగిన క్షణంలో లోపలుండే ఎలక్ట్రానిక్ స్విచ్ దాన్ని తటాల్న తెంచేస్తుంది, తెంచినప్పుడు రెండో చుట్టలో వేల వోల్టులు లేస్తాయి, ఆ కరెంటు స్పార్క్ ప్లగ్గు కొనలో ఉండే చిన్న సందుని దూకుతుంది, అదే స్పార్క్. టూ స్ట్రోక్ కాబట్టి ఒక్కో చుట్టుకి ఒక్కో స్పార్క్, ఇంజన్ నిమిషానికి 7000 చుట్లు తిరిగితే సెకనుకి 116 సార్లకి పైనే ఈ తతంగం మొత్తం జరిగినట్టు. అరచేతిలో పట్టే వస్తువు, అంత పని చేస్తుంది. నాకైతే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇట్ట బ్యాటరీ లేకుండా ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి ఇచ్చే మాగ్నెటోని బాష్ కంపెనీలో గాట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు 1902లో చేసినాడు. మా కాలంలో లూనాకీ రాజ్‌దూత్‌కీ ఆ తెంచే పని ప్లాటినం పాయింట్లు చేసేవి, నెలకోసారి ఎమరీ కాయితంతో రుద్దేవాళ్ళం. ఇప్పుడు ఆ పని ట్రాన్సిస్టర్ చేస్తుంది, రుద్దేదేం లేదు.

ఇప్పుడు వేడి సంగతి. ఆ సన్నం తీగలో యాడో వెంట్రుకవాసి పగులు పడిందనుకోండి, లేదా తీగమీద పూత ఒకచోట పాడయ్యింది. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు కొనలు ఆనుకోని ఉంటాయి, కరెంటు పోతుంది. ఇంజన్ వేడి తగిలితే తీగా చుట్టూ ఉండే పదార్థమూ వ్యాకోచిస్తాయి, పగులు తెరుచుకుంటుంది, స్పార్క్ పోతుంది. చల్లారితే మళ్ళీ ఆనుకుంటుంది. లోపలుండే ట్రాన్సిస్టర్ బలహీనమైనా వేడికి ఇదే మాదిరి చేస్తుంది. బోరు మోటార్లలో ఈ జబ్బు ఎన్ని చూసినానో. ఒకటే తేడా, మోటారు అయితే విప్పి కొత్త తీగ చుట్టేస్తాం, ఈ కాయిల్‌ని ఎపాక్సీ అనే గట్టి జిగురు పోసి బండరాయి మాదిరి మూసేసి ఉంటారు, నా అంతటోడు కూడా విప్పి చుట్టలేడు, మార్చాల్సిందే.

అట్టని ఆగిపోయిన ప్రతి మిషన్‌కీ కాయిల్ మార్చమని నేను చెప్పట్లేదు. ఇదే మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది, కాయిల్ మీద అనుమానం చిట్టచివరికి రావాలి. ముందు పెట్రోలు చూడండి, రెండు నెలల కిందట కలిపి పెట్టిన పెట్రోలు అయితే పారబోయండి, ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాల్లో తేమని లాగేసుకుంటుంది. ఆయిల్ ఎంత కలపాలో మీ మిషన్ పుస్తకంలో ఉంటుంది, 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీలు, 25కి 1 అంటే 40 మిల్లీలు. ఎయిర్ ఫిల్టర్ దులపండి. తర్వాత ప్లగ్గు విప్పి చూడండి. పెట్రోలుతో తడిగా ఉంటే పెట్రోలు లోపలికి వస్తా ఉందని అర్థం, నిప్పే లేదేమో అని ఆలోచించాలి. కొత్త ప్లగ్గు తక్కువ డబ్బుకే వస్తుంది, ముందు అది వేసి చూడండి, ఎన్నో మిషన్లు ఆడికే బాగైపోతాయి.

స్పార్క్ చూసేదెట్టంటే ప్లగ్గుని దాని క్యాపులోనే పెట్టి, ప్లగ్గు ఇనుప ఒళ్ళు సిలిండర్ రేకులకి గట్టిగా ఆనించి, నీడలో తాడు లాగండి. ప్లగ్గు విప్పిన రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి, ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి కొడుతుంది, దానికి నిప్పు తగిలితే మొహం కాలుద్ది. పక్కన పెట్రోలు డబ్బా ఉండకూడదు. వట్టి చేత్తో ప్లగ్గు వైరు పట్టుకోకండి, రబ్బరు పిడి ఉండే కటింగ్ ప్లేయర్‌తో పట్టండి. గుండెకి పేస్‌మేకర్ పెట్టుకున్నోళ్ళు ఈ పనికి అస్సలు రాకూడదు, మీ పెదనాయన్ని దగ్గరికి కూడా రానీలేదు నేను.

స్పార్క్ రాలేదా, అప్పుడు కూడా కాయిల్ కొనడానికి పరిగెత్తకండి. కాయిల్ నుంచి ఆఫ్ స్విచ్‌కి ఒక సన్నం వైరు పోతుంది. మన ఇంట్లో స్విచ్ ఆపితే కరెంటు తెగుతుంది కదా, ఇందులో తిరకాసు, ఆపితే ఆ వైరు బాడీకి కలిసి కాయిల్ కరెంటు భూమిలోకి పోయినట్టు పోతుంది, అందుకే ఇంజన్ ఆగుతుంది. ఆ వైరు తొడుగు యాడన్నా చెరిగి లోహానికి తగిలితే స్విచ్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉన్నట్టే. పాకల్లో పెట్టిన మిషన్లకి ఎలకలు కొరికేది ఈ వైరునే. దాన్ని కాయిల్ దగ్గర ఊడదీసి మళ్ళీ తాడు లాగండి, స్పార్క్ వస్తే కాయిల్ బంగారం, వైరో స్విచ్చో మార్చండి, యాభై అరవై రూపాయల పని. ఆ వైరు ఊడి ఉండంగా మాత్రం ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు, స్విచ్‌తో ఆగదు, పొరపాటున లేస్తే గాలిని అడ్డుకునే చోక్ మూసి ఆపాలి. ప్లగ్గు క్యాపు లోపల చిన్న స్ప్రింగ్ ఉంటుంది, అది తుప్పు పట్టిందా అని కూడా చూడండి.

నా మిషన్‌కి ఇవన్నీ చూసినా, అన్నీ బాగుండాయి. ఇంక మిగిలింది వేడి పరీక్ష. ఎండలో గడ్డి కోస్తానే ఉన్నా, 18 నిమిషాలకి ఆగింది, ఆ వేడిమీదే వేరే ప్లగ్గు క్యాపుకి తగిలించి తాడు లాగినా, నిప్పురవ్వ కూడా లేదు. గంట తర్వాత లాగితే నీలంగా టక్కుటక్కుమని స్పార్క్. ఇంకేం కావాలి. మల్టీమీటర్ పెట్టి ఓములు చూసేవాళ్ళు ఉంటారు, ఇప్పటి కాయిల్స్‌లో ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఆ లెక్క సరిగ్గానే చూపించి మోసం చేస్తుంది, ఈ వేడి పరీక్షనే నమ్మాలి.

మార్చే పని అరగంట. ముందు ప్లగ్గు క్యాపు పీకి పక్కనపెట్టినా, తాడు ఉండే స్టార్టర్ కవర్ విప్పినా, వైర్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో ఫోన్లో ఫోటో తీసుకున్నా (ఇది మీ దగ్గరే నేర్చుకున్నా), కాయిల్ బయటికి కనపడే పక్క మార్కరుతో గీత పెట్టినా, ఎందుకంటే కొన్ని కాయిల్స్ తిప్పి బిగించినా కూర్చుంటాయి కానీ స్పార్క్ తప్పు టైములో వస్తుంది. రెండు స్క్రూలు తీస్తే కాయిల్ చేతికొచ్చింది. పాతది చేత్తో పట్టుకోని అంగడికి పోవాలి, మోడల్ పేరు ఒక్కటే చెప్తే కుదరదు, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, వైరు పొడవు, క్యాపు అన్నీ ఆనించి చూసి తెచ్చుకున్నా. ఫ్లైవీల్ అయస్కాంతమూ కాయిల్ ఇనుప కాళ్ళూ తుప్పు పట్టి ఉంటే సన్నం ఎమరీతో తుడిచినా.

ఇంక అసలు పని గ్యాప్. కాయిల్ కాళ్ళకీ ఫ్లైవీల్‌కీ మధ్య సందు చాలా మిషన్లకి 0.3 మిల్లీమీటర్ దగ్గర ఉండాలి, మీ పుస్తకంలో ఎంతుంటే అంత పెట్టండి. ఎక్కువైతే స్పార్క్ నీరసం, మరీ తక్కువైతే ఫ్లైవీల్ వేడికి రాసుకుంటుంది. సందు కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజ్ లేకపోతే విజిటింగ్ కార్డు చాలు. అయస్కాంతం అవతల పక్క ఉండేట్టు ఫ్లైవీల్ తిప్పి, కాయిల్ రెండు స్క్రూలూ వదులుగా పెట్టి, సందులో కార్డు దూర్చి, ఇప్పుడు అయస్కాంతాన్ని కాయిల్ ఎదురుగా తెస్తే అదే కాయిల్‌ని టక్కున లాక్కుంటుంది, కార్డు మధ్యలో బిగుసుకుంటుంది. ఆ పట్టులోనే స్క్రూలు బిగించి ఫ్లైవీల్ తిప్పితే కార్డు దానంతటదే బయటికొస్తుంది. ఈ పని చేసేటప్పుడు మీరు పక్కనుంటే బాగుండునని ఎంత అనిపించిందో. స్క్రూలు మరీ బలమంతా పెట్టి తిప్పకండి, కింద ఉండేది అల్యూమినియం, మరలు ఊడొస్తాయి. తర్వాత ఫ్లైవీల్ నిండుగా ఒక చుట్టు తిప్పి చెవి పెట్టి వినాలి, యాడన్నా గీసుకుంటే గ్యాప్ మళ్ళీ చెయ్యాలి. ఫ్లైవీలే అటూ ఇటూ ఊగుతుంటే బేరింగ్ పొయ్యింది, అది బాగుచెయ్యకుండా కొత్త కాయిల్ పెడితే దాన్నీ నాకేస్తుంది.

అంతా బిగించి రెండోసారి తాడు లాగంగానే లేసింది. ఒక ట్యాంకు నిండుగా, గంట దాకా ఆపకుండా కోసినా, మీ అవ్వ ఇంక చాలు రావయ్యా అన్నంతవరకు.

ఒకవేళ స్పార్క్ బాగుండి కూడా తాడు చేతిని ఎదురు గుంజుతుంటే, అంతకుముందు బ్లేడు రాయికి గట్టిగా తగిలుంటే, ఫ్లైవీల్‌ని ఇరుసు మీద జరగకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క, కీ అంటారు, అది తెగి స్పార్క్ టైము తప్పిందని అనుమానించండి, కాయిల్ జోలికి పోవద్దు.

నాది ఎందుకు పొయ్యిందా అని కవర్ లోపల చూస్తే తెలిసింది, ఫ్లైవీల్ రేకులే ఇంజన్‌కి ఫ్యాను, వాటి నిండా, సిలిండర్ రేకుల సందుల్లో కూడా, ఆయిలూ గడ్డి పొట్టూ కలిసి రొట్టె మాదిరి గట్టిపడింది. రెండేండ్లుగా నేను ఆ కవర్ తియ్యలేదు, గాలి ఆడక కాయిల్ ఉడికిపొయ్యింది. ఇంకోటి, పోయినేడు వచ్చిన కూలీ అబ్బాయి ఇంజన్ తిరుగుతుండంగానే ప్లగ్గు క్యాపు పీకి ఆపేవాడు, అట్ట పీకితే ఆ వేల వోల్టులకి పోయే దారి లేక కాయిల్ లోపలే పూతని చీల్చుకోని దూకుతాయి. ప్లగ్గు సందు అరిగి ఎక్కువైనా కాయిల్ మీద అదే భారం, 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్ లోపు పెట్టుకోండి. ఇప్పుడు పది ట్యాంకులకోసారి కవర్ విప్పి బ్రష్‌తో తుడుస్తా ఉండా.

పాత కాయిల్ పారెయ్యలేదు, పంపుసెట్టు గూట్లో అటక మీద పెట్టినా. దసరా సెలవులకి వచ్చినప్పుడు హాక్సా బ్లేడుతో నిలువునా కోద్దాం, ఆ వెంట్రుక తీగ చుట్లు మీ కళ్ళతో మీరు చూద్దురు గానీ. పెద్దోడా, వచ్చేటప్పుడు తిరుపతిలో మంచి ఫీలర్ గేజ్ ఒకటి తీసుకురా, నా విజిటింగ్ కార్డులు అయిపోవచ్చినాయి.

మీ తాత