వెతికే పెట్టెలో రెండు మాటలు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీరు తయారుచేసిన పుస్తకాల వెబ్‌సైట్‌లో చాలాసేపు తిరిగాను. "వాన" అని వెతికితే పుస్తకాలు వరుసగా వచ్చాయి. "వాన కథలు" అనగానే ఏమీ లేవంది. పట్టికలో "వాన రోజుల కథలు" ఉంది కదా! అడిగిన రెండు మాటలూ అందులోనే ఉన్నాయి. అయినా దొరకకపోతే, వెతికిన మనిషి ఆ పుస్తకమే లేదనుకుని వెళ్లిపోతాడు. అది నాకు బాధగా అనిపించి ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు లైక్ (LIKE, ఫలానా అక్షరాలున్న వరుసలను ఏరే) షరతులో అడిగినదంతా కలిపి రెండు % గుర్తుల మధ్య పెట్టారు. % అంటే అక్కడ ఏ అక్షరాలున్నా సరే అని. డేటాబేస్‌కు మాటలు తెలియవు, అక్షరాల వరుసే తెలుసు. "వాన", ఒక ఖాళీ, "కథలు" పక్కపక్కనే ఉంటేనే ఒప్పుకుంటుంది. ఖాళీల దగ్గర విడగొట్టి, ఒక్కో మాటకు ఒక్కో లైక్ రాసి, అండ్‌తో (AND, అన్నీ ఉండాలి అని) కలపండి. ఆర్‌తో (OR, ఏ ఒక్కటున్నా చాలు అని) కలిపితే "కథలు" ఉన్న ప్రతి పుస్తకమూ వచ్చిపడుతుంది. ఇంకో మాట చేర్చేవారు ఫలితాలు తగ్గాలనే చేరుస్తారు.

అసలు చిక్కు వెతకాల్సిన కాలమ్‌లు (పట్టికలోని నిలువు వరుసలు) రెండైనప్పుడు వస్తుంది. ఒక మాట పుస్తకం పేరులో, మరొకటి రచయిత పేరులో ఉండవచ్చు. అందుకని ప్రతి మాటకూ "పేరులో గానీ, రచయితలో గానీ" అని ఆర్ రాసి, దాన్ని బ్రాకెట్లలో ఉంచి, ఆ బ్రాకెట్లను అండ్‌తో కలపాలి. బ్రాకెట్లు మరిస్తే ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) అండ్‌నే ముందు లెక్కిస్తుంది. సంబంధం లేని పుస్తకాలు వస్తాయి గానీ ఎర్రర్ రాదు. అందుకే ఈ తప్పు చాలాకాలం ఎవరి కంటా పడదు.

విడగొట్టాక మిగిలే ఖాళీ ముక్కలను పారేయండి. లేకపోతే ఉత్త ఖాళీలు కొట్టినవారికి పట్టిక మొత్తం వచ్చేస్తుంది. మాటలను ఎస్‌క్యూఎల్‌లో నేరుగా అతికించకుండా పారామీటర్లుగానే, అంటే ప్రశ్నలో జాగా ఉంచి విలువలను విడిగా, పంపండి. ఇందులో మినహాయింపు లేదు.

తెలుగుకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. "పేపర్" లాంటి మాట చివర కొన్ని కీబోర్డులు జెడ్‌డబ్ల్యూఎన్‌జే (ZWNJ, అక్షరాలు కలిసిపోకుండా ఆపేది) అనే కనబడని గుర్తు చేరుస్తాయి. కంటికి రెండూ ఒకటే, లైక్‌కు మాత్రం వేరు. వెతకడానికే ఒక కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తు తీసేసి దాచండి. అడిగిన మాటలోంచీ తీసేయండి.

ముందు % ఉన్న లైక్‌కు మామూలు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) సాయపడదు, ప్రతి వరుసనూ చదవాల్సిందే. పుస్తకాలు వేలల్లో ఉన్నంతవరకు పరవాలేదు. లక్షలకు చేరితే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ కావాలి. అది పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది, ఏ మాట ఏ వరుసల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 2008 నాటి 8.3 వెర్షన్ నుంచి, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో డేటా దాచే ఇన్నోడీబీ భాగంలో 5.6 వెర్షన్ నుంచి ఈ వసతి ఉంది. ఇన్నోడీబీ అమరిక మార్చకపోతే మూడు అక్షర సంకేతాల (అక్షరాలకూ, గుణింతపు గుర్తులకూ కంప్యూటర్ విడివిడిగా ఇచ్చే సంఖ్యల) కంటే చిన్న మాటలను వదిలేస్తుంది. "ఈగ"లో ఉన్నవి రెండే, అందుకే అది వెతికితే దొరకదు.

ముందు బ్రాకెట్లు సరిచేసి, "కథలు వాన" అని తిరగేసి వెతకండి. ఏం వచ్చిందో నాకు రాయండి.

మీ పెద్దమ్మ